చింతపండు తోమిన నంబరు

ముందు నా రోగం సంగతి చెప్పుకోవాలి. రోడ్డు పక్కన పాత జీపు కనబడితే నేను దాని ముఖం చూడను. చీర కుచ్చిళ్లు పట్టుకుని కింద కూర్చుని, బంపరు వెనక్కి తొంగి చూస్తాను. అక్కడ రేడియేటరు కింద ఒక అడ్డదూలం ఉంటుంది. అది గుండ్రటి గొట్టమైతే ఒక కంపెనీ బండి. తొట్టిని బోర్లించినట్టుంటే ఇంకో కంపెనీది. రెండూ పెద్ద యుద్ధం రోజుల్లో అమెరికాలో పుట్టి, ఓడలెక్కి మన దేశానికొచ్చి, యుద్ధం అయ్యాక మిలిటరీ వేలంలో జనం చేతుల్లో పడినవే. ఒకసారి పెళ్లికి వెళ్లిన చోట పట్టుచీరతో ఇలాగే మట్టిలో కూర్చున్నాను. ఆ రోజు వధూవరుల మీద పడాల్సిన అక్షింతలు సగం మా ఆయన నా మీదే వేశాడు.

నంద్యాలలో నాకు స్పేర్ పార్టుల దుకాణం ఉంది. ఇంట్లో ఒక జీపూ ఉంది. కానీ అది అతుకుల బొంత. బాడీ ఒకచోటిది, ఇంజిను ఇంకోచోటిది, గేర్ బాక్సు ఎక్కడిదో దానికే తెలియదు. నాలుగు చక్రాలనూ ఇంజినే తిప్పే అసలు సిసలు యుద్ధకాలపు బండి ఒకటి కావాలని పన్నెండేళ్లుగా తిరుగుతున్నాను. ఇదిగో అంటే వెళ్లాను, అదిగో అంటే వెళ్లాను. వెళ్లిన ప్రతిచోటా అతుకులే.

అలాంటి రోజుల్లో విశాఖపట్నం నుంచి సన్యాసిరావు ఫోన్ చేశాడు. కంచరపాలెంలో జీపుల మెకానిక్. పార్టుల కోసం ఏళ్లుగా ఫోన్లో మాట్లాడుకోవడమే గానీ మనిషిని చూసింది లేదు.

"మేడమ్, తగరపువలసలో ఒకటుంది. తొట్టి దూలం. బోల్టుల తలకాయల మీద కంపెనీ అచ్చరం కూడా ఉంది, నాను సూసినాను. రోడ్డు ఎడల్పు సేత్తన్నారు, షెడ్డు పడగొట్టీత్తారు. శనివారం మద్దేనానికి ఎవులూ తీసుకోపోతే తుక్కోడొచ్చి గ్యాస్ కట్టరెట్టి కోసీత్తాడు. తొరగా రండి."

మంగళవారం రైలెక్కాను.

బుధవారం, కంచరపాలెం

స్టేషన్లో దిగగానే మొదట పలకరించింది గాలి. మా నంద్యాల గాలి పొడిగా వచ్చి కళ్లలో దుమ్ము కొట్టి పోతుంది. ఇక్కడి గాలి వచ్చి ఒంటికి అంటుకుని కూర్చుంటుంది. ఆటో అతను అద్దంలో చూసి "ఏటి పని మీదొచ్చినారు?" అని అడిగాడు. పాత జీపు కోసం అన్నాను. "జీపు కోసం ఆడోలొచ్చినారా!" అని బండి నెమ్మది చేసి మరీ ఆశ్చర్యపోయాడు. దారి పొడుగునా తన మేనమామ జీపు గురించి చెప్పి, దిగేటప్పుడు ఇరవై రూపాయలు తగ్గించి తీసుకున్నాడు. మా ఊళ్లో ఆటోవాళ్లు కథలూ చెప్పరు, రేటూ తగ్గించరు.

సన్యాసిరావు షెడ్డు రైలు పట్టాలకు ఆనుకునే ఉంది. అరవై దాటిన మనిషి, సన్నగా, చెవి వెనక పెన్సిలు. గంటకు నాలుగు గూడ్సులు పోతాయి. గూడ్సు వచ్చినప్పుడు ఆయన మాట మధ్యలో ఆపేస్తాడు. యాభై పెట్టెలూ దాటాక, ఎక్కడ ఆపాడో సరిగ్గా ఆ అక్షరం దగ్గరే అందుకుంటాడు. "ఇంజిను మాత్రం కం..." అని ఆగి, బొగ్గు వేగన్లన్నీ పోయాక "...డిషన్లోనే ఉందంట" అన్నాడు. చుట్టుపక్కల అందరూ అంతే. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మర్యాదగా ఆగుతారు. ఎవరూ అరిచి మాట్లాడరు. నాకది భలే నచ్చింది. నేనైతే రైలు మీద పోటీకి అరుస్తాను.

టిఫిను పక్క బండి మీద. ఇడ్లీ, దాని మీద గరిటెడు బొంబాయి చట్నీ. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తినే నాలుకకు శనగపిండి చట్నీ ఏం ఆనుతుందిలే అనుకున్నాను. రెండో ప్లేటు నేనే అడిగాను. ప్లేటు నలభై. డబ్బులు తీయబోతే ఆ బండి అతను సన్యాసిరావు వైపు చూసి "బావ కాతా" అన్నాడు. ఇక్కడ మగవాళ్లందరూ ఒకరికొకరు బావలే. సాయంత్రానికి నేను కూడా మేడమ్ నుంచి సెల్లెమ్మనయ్యాను.

షెడ్డు మూలలో డబ్బా నిండా నల్లటి పాత ఇంజినాయిలు, అందులో గోడలకు సున్నం వేసే కుంచె. వానాకాలం ముందు ప్రతి బండికీ అడుగున ఆ నూనె పూస్తారట.

"సముద్రం పక్కనున్న ఊరు సెల్లెమ్మా. ఇక్కడ ఇనుముని అయితే కరిగించాల, లేకపోతే నూనెలో ముంచాల. ఊరికే ఒగ్గేత్తే ఉప్పుగాలి తినీత్తాది" అన్నాడు సన్యాసిరావు.

మా సీమలో పాత జీపుకు రంగు పోతుంది గానీ ఇనుము గట్టిగా ఉంటుంది. ఇక్కడ పైన రంగు నిగనిగలాడుతుంటుంది, వేలితో నొక్కితే బిస్కట్టులా విరిగి రాలుతుంది. ఇన్ని టన్నుల ఉక్కు చేసే ఊళ్లో పావుకిలో ఇనుమును కాపాడుకోవడానికి ఇంత అవస్థ.

అప్పుడు అసలు విషయం చెప్పాడు. తగరపువలస జీపు రామునాయుడు అనే ఆయనది. ఆరేళ్ల కిందట పోయాడు. ఇప్పుడు ఆయన భార్య అప్పలకొండ పేరున ఉంది. రిజిస్ట్రేషన్ పుస్తకం భద్రంగా ఉంది, అందులో ఛాసిస్ నంబరు స్పష్టంగా ఉంది. బండి నా పేరున మారాలంటే ఆ నంబరు బండి మీద కూడా కనబడాలి. దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి ఆఫీసులో ఇవ్వాలి. ఆ అచ్చు లేకపోతే బండి ఎంత మంచిదైనా దానికి దిక్కు తుక్కే.

"మీరు నంబరు చూశారా?" అని అడిగాను.

"లేదు. ఆవిడ ఎవుల్నీ బండి మీద సెయ్యేనివ్వదు. బయట్నుంచి వొంగి సూడనిచ్చింది గానీ బానెట్టు ఎత్తనీలేదు. మీరు కొంటారంటేనే సెయ్యెయ్యనిత్తాది."

గురువారం, పోర్టు రోడ్డు, పెందుర్తి

పెందుర్తిలో వెంకటరత్నం గారని ఒకాయన ఉన్నారు. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. నాలాగే జీపు పిచ్చి. అమెరికా నుంచి ఓడలో ఆయన తెప్పించుకున్న పార్టుల పెట్టెలో నా సామాను కూడా కలిపి తెప్పించాను. చక్రాల సీళ్లు, గాస్కెట్లు, ఇంకా జీపు డాష్ బోర్డు మీద ఉండే పేరుపలక ఒకటి. పాతది పాడైపోయినవాళ్లు పెట్టుకోవడానికి ఇప్పటికీ అచ్చం అలాగే చేసి అమ్ముతారు. నంబరు ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీగా వదిలేస్తారు.

పోర్టు రోడ్డులో పెట్టె విడిపించుకునే ఆఫీసు ముందు ఇద్దరం మూడు టీలు తాగాం. రోడ్డు మీద వెళ్లే లారీలకు టార్పాలిన్లు కట్టే ఉన్నాయి, అయినా ఎర్రటి పొడి, నల్లటి పొడి వంతులవారీగా వచ్చి నా చీర మీద కూర్చున్నాయి. లోపల ఆఫీసరు పెట్టె మీద కాగితం చదివి అడిగాడట: "పాత పార్టులా, కొత్త పార్టులా?"

"కొత్తగా చేసిన పాత పార్టులండి" అన్నారట వెంకటరత్నం గారు. ఆ మాటకు ఆఫీసరు నవ్వాపుకోలేక సంతకం పెట్టేశాడు. నవ్వుతూ బయటికొచ్చి ఆ సంగతి నాకు మూడుసార్లు చెప్పారు.

మధ్యాహ్నం భోజనం వాళ్లింట్లో. పనసపొట్టు కూర, ఆవపెట్టి. కార్తీకమాసమని ఇంట్లో చేప ముట్టలేదు. తిన్నాక ఆయన తన జీపు చూపించారు. పొద్దుతిరుగుడు పువ్వులా తళతళలాడుతోంది. "యుద్ధంలో తిరిగిన బండండి" అన్నారు. నేను అలవాటు ప్రకారం కింద కూర్చున్నాను. దూలం గొట్టం, బోల్టులు ఇంకో కంపెనీవి, బాడీ మన దేశంలో కొట్టిన రేకు. లేచి చీర దులుపుకుంటూ మూడూ మూడు చోట్లవని చెప్పేశాను. వంటింట్లో వాళ్లావిడ చేతిలో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

ఆయన నన్ను చూసి పకపకా నవ్వారు. "మరి మేమూ అంతే కదండీ! బాడీ గోదావరిది, ఇంజిను విశాఖపట్నంలో అరిగింది, కోడలు శ్రీకాకుళం. బండి తిరుగుతోందా లేదా అదండీ చూడాలి!"

ఆయన మంచితనం వల్ల సరిపోయింది. అప్పుడే నాకు బుద్ధి రావాల్సింది, రాలేదు.

శుక్రవారం, తగరపువలస

సన్యాసిరావు వ్యానులో హైవే మీద వెళ్లాం. తగరపువలస సంత దగ్గర ఆపి సోడి అంబలి తాగించాడు, గ్లాసు పదిహేను. చోళ్లంటే మా రాగులే. మేం వాటిని ముద్ద చేసి సంగటి అంటాం, గోరుతో తవ్వి తింటాం. వీళ్లు పల్చగా మజ్జిగ కలిపి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగేస్తారు. పక్కనే ఎండు నెత్తళ్ల చేపల గుట్టలు. కార్తీకం కాబట్టి బేరం లేదని ఆ అమ్మే ఆవిడ విసురుకుంటూ కూర్చుంది.

అప్పలకొండ ఇల్లు సంత వెనకాల. పొట్టిగా, గట్టిగా ఉంది. డెబ్బై దగ్గర పడి ఉంటాయి. సన్యాసిరావు నన్ను చూపించి "నంద్యాల నుంచి వచ్చినారు" అంటే, ఆవిడ నా చేతులు పట్టుకు తిప్పి చూసింది. గోళ్లలో గ్రీజు చూసి "పని సేసే సేతులే" అని షెడ్డు తాళం తీసింది.

చెబితే అతిశయం అనుకుంటారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడున్నది పెదాలు ముడుచుకున్న చిన్న పిల్లలాంటి బండి, ఎడమ వైపు స్టీరింగు. కింద కూర్చున్నాను. తొట్టి దూలం. ఒక్కొక్క బోల్టు మీద వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లాను, అన్నిటి మీదా అదే అక్షరం. భీమిలి ఒడ్డున ఇసుకలోకి దిగి పడవ పక్కనే నిలబడి చేపల బుట్టలు ఎక్కించుకునేదట ఈ జీపు. వేరే ఏ బండీ అక్కడికి రాలేకపోయేదట. అయినా అడుగు రేకులో ఒక్క చిల్లు లేదు. వెనక పలకలో అతుకు లేదు. పన్నెండేళ్లు వెతికింది ఇదే.

లేచి డాష్ బోర్డు వైపు వంగాను. పేరుపలక మెరిసిపోతోంది. ఇలాంటి పలక మీద పైన తెల్లటి జింకు పూత, కింద ఇత్తడి ఉంటాయి. పూత ఎప్పుడో పోయింది. ఇత్తడి బంగారంలా ఉంది, ఇంకా తడిగా ఉంది. దాని మీద అక్షరం లేదు. అంకె లేదు. అంచుల్లో ఎక్కడో చీమకాలంత గీత తప్ప మొత్తం నున్నగా ఉంది.

నా నోరు నా చేతిలో ఉండదు. "ఎవరు చేశారీ పని? బుద్ధున్నవాళ్లెవరైనా నంబరు పలకను ఇలా రుద్దుతారా? బండి జాతకమంతా ఇందులోనే కదా ఉండేది! నాశనం చేసి పెట్టారు!"

వెనక్కి తిరిగాను. అప్పలకొండ గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ చేతిలో చింతపండు ముద్ద ఉంది. రెండో చేతిలో అరిగిపోయిన పీచు ముక్కకు ఇటుకపొడి అంటుకుని ఉంది.

"నానేనమ్మా" అంది. "పెల్లైన కొత్తల ఆయన సెప్పినాడు. ఇది బండి పేరు, దీన్ని సూసే బండిని గుర్తడతారూ అని. పేరు మాసిపోకూడదు కదా అని సుక్కురారం సుక్కురారం తోమినాను. ముందల తెల్లగుండేది. తోమగా తోమగా లోపల్నుంచి బంగారం అవుపడింది. నాకు ఎంత సంబరమో. ఆయన కూడా మురిసిపోయినాడు." చేతిలోని ముద్ద చూపించి, "ఇయాల సుక్కురారం కదా, మీరొత్తారని పొద్దున్నే తోమినాను" అంది.

నేను ఏదో అనబోయాను. ఆవిడ చింతపండు పట్టుకుని లోపలికి వెళ్లిపోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఈ కంపెనీ బండికి నంబరు ఇంకోచోట కూడా ఉంటుంది. ఎడమ పక్క ఛాసిస్ దూలం మీద, ఇంజిను కూర్చునే చోటికి కాస్త ముందు, ఇనుములోకే గుద్ది ఉంటుంది. బానెట్ ఎత్తి చూశాను. సరిగ్గా ఆ చోట బెత్తెడు పొడుగున నల్లటి గడ్డ. మా వైపు చాలా జీపుల్లో దూలం అక్కడే పగులుతుంది. పగిలితే వెల్డింగు చేసి పూడ్చేస్తారు, నంబరు దాని కింద శాశ్వతంగా సమాధి అవుతుంది. చీకట్లో వేలు పెట్టి తడిమి "వెల్డింగు" అన్నాను. పెద్ద తెలిసినదానిలా. నా మాట మీద గౌరవంతో సన్యాసిరావు మళ్లీ చూడలేదు.

తిరిగి వస్తుంటే వెంకటరత్నం గారు ఫోన్ చేశారు. విషయం విని గొంతు తగ్గించారు. "నంబరు గుద్దే పంచ్‌లు నా దగ్గరున్నాయండి. కొత్త పలక మీ దగ్గరుంది. పుస్తకంలో ఉన్న నంబరే కదా, దొంగ నంబరు కాదు కదండీ. పలక మీదా, దూలం మీదా గుద్దేస్తే ఎవరికి తెలుస్తుంది?"

నిజం చెప్పాలి కదా, నాకు ఆశ పుట్టింది. ఆ మాట సన్యాసిరావుకు చెప్పాను. ఆయన వ్యాను రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

"గుద్దొచ్చు సెల్లెమ్మా. అరగంట పని. కానీ అప్పుడది మనం సేసిన బండి అవుతాది. రామునాయుడు బండి అవ్వదు. ఇన్నేళ్లూ నువ్వు ఎతికింది దేనికి మరి?"

ఫోన్లో వద్దని చెప్పేశాను. ఆ తర్వాత జీపు గురించి కంటే ఆ తలుపు గురించే ఎక్కువ ఆలోచించాను. ఎవరికీ ఏ కీడూ తలపెట్టని మనిషి. బండి పేరు మాసిపోకూడదని తోమింది. నంబర్లు చదవడం వచ్చినదాన్ని కాబట్టి నేను గొప్పదాన్నైపోయానా?

శనివారం, మళ్లీ తగరపువలస

జీపు కోసం కాదు, క్షమాపణ చెప్పడానికి వెళ్లాను. మధ్యాహ్నానికి గ్యాస్ కట్టర్ అతను వస్తాడు. అది చూడడం ఇష్టం లేక పొద్దున్నే వెళ్లాం.

అప్పలకొండ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. "నా నోరు మంచిది కాదు పిన్నీ. తెలియక అన్నాను. మీరు చేసింది తప్పు కాదు. తప్పు నాది" అన్నాను. నాకు క్షమాపణలు చెప్పి అలవాటు లేదు, మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి.

ఆవిడ లేచి లోపలికి వెళ్లింది. ఇంక రాదేమో అనుకున్నాను. రెండు గ్లాసుల అంబలితో వచ్చింది. ఒకటి నాకు, ఒకటి సన్యాసిరావుకు.

"నీకు బండి కావాలేటి? అంకెలు కావాలేటి?" అంది.

"బండే కావాలి పిన్నీ. కానీ అంకెలు లేకపోతే నా పేరున మారదు. రోడ్డెక్కనివ్వరు."

"మరి అడగవేటి? పేరు రెండు సోట్ల రాసుంటాదని ఆయన సెప్పేవోడు. కిందన కూడా ఉంది కదా."

"చూశాను. అక్కడ వెల్డింగు చేసేశారు."

ఆవిడ నన్ను వింతగా చూసింది. "ఎవులు సెప్పినారు ఎల్డింగని? అది నా బొట్టు."

సన్యాసిరావు గ్లాసు కింద పెట్టేశాడు.

పైన పలకకు చింతపండు. కింద దూలం మీది పేరును మాత్రం తోమడం కుదరదు, చెయ్యి తిరగదు. అందుకని అక్కడ ప్రతి శుక్రవారం ఆముదం రాసి, పసుపు అద్ది, కుంకుమ బొట్టు పెట్టేది. కాపురానికి వచ్చిన నాటి నుంచి. బొట్టు మీద బొట్టు, పసుపు మీద పసుపు. దాని మీద ఇంజినాయిలు, భీమిలి ఇసుక, మళ్లీ బొట్టు. అలా బెత్తెడు గడ్డయింది. నిన్న నేను అరవకుండా మర్యాదగా అడిగి ఉంటే నిన్ననే చెప్పేది.

చీపురుపుల్లలతో, కిరసనాయిలు గుడ్డతో మొదలుపెట్టాం. సన్యాసిరావు ఇనుప పరికరం ముట్టనివ్వలేదు. వెదురుబద్ద చెక్కి దానితో పొరలు తీశాడు. మొదట నల్లటి పొర, దాని కింద ఎర్రది, తర్వాత పచ్చది, మళ్లీ ఎర్రది. ఎన్నో పండగలు ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టున్నాయి. పొరలు రాలుతుంటే షెడ్డంతా పసుపు వాసన వేసింది.

అంతలో గ్యాస్ కట్టర్ అతను బండి మీద సిలిండర్ వేసుకుని వచ్చాడు. మేం ముగ్గురం ఇంజిన్లో తలలు పెట్టి ఉండడం చూసి "ఏటి, ఏటైనా పడిపోయిందా?" అన్నాడు. సంగతి తెలిశాక తన ఫోన్ లైటు వేసి పట్టుకున్నాడు.

ఆముదపు జిడ్డు చివరి పొర తుడిచేసరికి కింద ఇనుము నీలంగా మెరిసింది. ఉప్పుగాలి దాని దరికి రాలేదు. ఒక్క మచ్చ లేదు. అంకెలు నిన్న గుద్దినట్టున్నాయి. నేను రిజిస్ట్రేషన్ పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. కోయడానికి వచ్చిన మనిషే లైటు వేసి ఒక్కొక్క అంకె పైకి చదివాడు. నేను పుస్తకంలో వేలు జరుపుకుంటూ వెళ్లాను. మొదటి అంకె, రెండోది, మూడోది. చివరి అంకె దాకా అన్నీ కలిశాయి.

"సరే అయితే, ఈ సిలిండర్ మోసుకొచ్చింది దండగే" అని అతను నవ్వాడు. అప్పలకొండ అతనికీ ఒక గ్లాసు అంబలి ఇచ్చి పంపించింది.

సన్యాసిరావు చెవి వెనక పెన్సిలు తీసి, దూలం మీద కాగితం పెట్టి, ఊపిరి బిగబట్టి రుద్దాడు. అచ్చు రెండు తీశాడు. ఒకటి ఆఫీసుకు. రెండోది అప్పలకొండ అడిగి తీసుకుని, మడత పెట్టకుండా రామునాయుడు ఫొటో వెనక దోపుకుంది.

అప్పుడే ఒకటి చూశాను. ఆవిడ జీపు పక్కన నిలబడి, అలవాటు కొద్దీ కొంగు చివర పట్టుకుని పేరుపలక మీద చెయ్యి వేయబోయింది. నా వైపు చూసి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. నంబరు దొరికింది కదా, అంతా బాగైపోయింది అనుకున్నాను. కాలేదు.

శనివారం సాయంత్రం, భీమిలి ఇసుక

బేరం కుదిరి డబ్బులిచ్చాక సన్యాసిరావు ప్లగ్గులు మార్చి, ఒక డబ్బాలో పెట్రోలు పోసి బండి లేపాడు. చివరిసారి భీమిలి చూపించి తీసుకురమ్మంది అప్పలకొండ. నేను ఎడమ వైపు స్టీరింగు పట్టుకుంటే ఆవిడ కుడి పక్క కూర్చుంది. రోడ్డు మీద వెళ్లేవాళ్లంతా ఆవిడే నడుపుతోందనుకుని చూస్తున్నారు. ఆవిడ కూడా నడుపుతున్నట్టే దర్జాగా కూర్చుంది.

ఒడ్డు దగ్గర ఆనందంలో సూటిగా ఇసుకలోకి దించేశాను. పది అడుగుల్లో వెనక చక్రాలు గోతులు తవ్వుకున్నాయి. స్పేర్ పార్టుల దుకాణం యజమానురాలిని, ఎన్నో ఏళ్ల అనుభవం, ముందు చక్రాలను ఇంజినుకు కలపడం మర్చిపోయాను.

"సిన్న కర్ర ఎయ్! సిన్న కర్ర!" అని అరిచింది అప్పలకొండ.

గేరు పక్కనుండే పొట్టి లివరు అది. లాగాను. నాలుగు చక్రాలూ ఒక్కసారి ఇసుకను పట్టుకున్నాయి. బండి మూలిగి, ముక్కు పైకెత్తి, గోతిలోంచి లేచి నడిచింది. అప్పలకొండ చప్పట్లు కొట్టింది. ఆవిడ ఎప్పుడూ స్టీరింగు ముట్టుకోలేదట. పక్క సీట్లో కూర్చునే అంతా నేర్చుకుంది. పడవలు లాగి పెట్టిన చోట ఆపించి, దిగి, కాసేపు సముద్రం వైపు నిలబడింది. నేను ఏమీ అడగలేదు. ఆ మాత్రం బుద్ధి ఆ నాలుగు రోజుల్లో వచ్చింది.

ఆదివారం

జీపును నంద్యాల తీసుకెళ్లే లారీ ఎనిమిదింటికి వచ్చింది. అంతకు ముందే నేను సంతకు వెళ్లి కొత్త చింతపండు పావుకిలో కొన్నాను. గింజ తీసినది, యాభై రూపాయలు. ఇక్కడి చింతపండు మా దానికంటే నల్లగా ఉంటుంది.

అప్పలకొండ చేతిలో పెట్టాను. ఆవిడ పొట్లం విప్పి చూసి "ఇదెందుకమ్మా?" అంది.

"ఒక్కసారి తోము పిన్నీ. నా కోసం."

"వద్దమ్మా, అంకెలు పోతాయి."

"పోవాల్సినవి పోయాయి. ఉండాల్సినవి నువ్వే దాచిపెట్టావు. ఇంక ఈ పలక నీది. నంద్యాలలో ఎవరైనా వచ్చి కొత్త పలక బిగించు అంటే నేను ఊరుకోను. అమెరికా నుంచి తెచ్చుకున్నది నా దుకాణం సొరుగులో పడి ఉంటుంది."

లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. సన్యాసిరావు అతనికి ఆగమని చెయ్యి చూపించాడు.

తర్వాత అప్పలకొండ చింతపండు చిటికెడు తీసి, నీళ్లు చిలకరించి, పలక మీద పెట్టింది. గుండ్రంగా, మెల్లగా తోమింది. భయం భయంగా మొదలుపెట్టింది గానీ నాలుగు చుట్లు తిరిగేసరికి చేతికి పాత పట్టు వచ్చేసింది. చెంబుతో నీళ్లు పోసి కొంగుతో తుడిచింది. ఎండ పడి ఇత్తడి ఒక్కసారి వెలిగింది. ఆవిడ దగ్గరికి వంగి చూసి నవ్వేసింది.

"ఓలమ్మా, సూడు. అంకెలుండే సోట నా మొకం అవుపడతంది."

నేను కూడా వంగాను. నిజమే. నంబరు ఉండాల్సిన చోట ఆవిడ ముఖం స్పష్టంగా కనబడుతోంది. ఆవిడ ఆ పలకలో చూసుకుంటూ, చెదిరిన తెల్ల జుట్టు చెవి వెనక్కి దోపుకుని, లారీ డ్రైవరు వైపు తిరిగి, "ఇంక ఎక్కించుకో బాబూ" అంది.